వక్క లేని తమలపాకు

ప్రేమికుల రోజు, ఫిబ్రవరి 14, వచ్చేసినా ఒక ముఖ్యమైన విషయం మీద మన విశాఖ మేధావులు నోరు విప్పడం లేదు. స్టీల్ ప్లాంట్ గురించి మాట్లాడతారు, రైల్వే జోన్ గురించి మాట్లాడతారు, బీచ్ రోడ్డులో పార్కింగ్ గురించైతే చెప్పనే అక్కర్లేదు. మిషన్‌లో పెట్టి కోసిన కాగితపు గుండెని ‘చేత్తో చేసింది’ అనొచ్చా, అనకూడదా? దీని మీద మాత్రం ఒక్క రౌండ్ టేబుల్ సమావేశమైనా జరగలేదు. అందుకని ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌లో, డైనింగ్ టేబుల్ మీద, నాలుగు రాత్రుళ్ళు కష్టపడి ఆ సంగతి నేనే తేల్చాను.

ముందు నా అర్హతలు చెప్పాలి. మా పెళ్ళయి 26 ఏళ్ళు. ఇన్నేళ్ళలో మా ఆవిడతో నేనన్న అతి పెద్ద ప్రేమ మాట ‘పప్పు బాగుంది’. అదీ చుట్టాల ముందు. సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి తిరిగి వెళ్తూ, బ్యాగులో పట్టలేదని తన కార్డుల సామానంతా ఇక్కడే వదిలేసింది. ఒక డై కటింగ్ మిషన్, కొన్ని డైలు, స్టెన్సిళ్ళు, ఇంకు డబ్బీలు. ‘ఊరికే దుమ్ము పడుతుంది నాన్నా, అప్పుడప్పుడు తిప్పుతుండు’ అంది. తిప్పాను.

డై అంటే బ్రహ్మవిద్యేం కాదు. కజ్జికాయల అచ్చు తెలిసిన వాళ్ళకి సగం తెలిసినట్టే. పల్చటి ఉక్కు రేకు, ఒక పక్క అంచు పదునుగా ఉంటుంది. కింద ఒక ప్లాస్టిక్ పలక, దాని మీద కాగితం, కాగితానికి పదును తగిలేలా డై, పైన ఇంకో పలక. ఈ దొంతరని రెండు రోలర్ల మధ్యకి తోసి పిడి తిప్పాలి. బీచ్‌లో చెరకు రసం బండి చూసిన వాళ్ళెవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. అక్కడ గెడ పిప్పయి రసం వస్తుంది, ఇక్కడ మనిషి పిప్పయి గుండె వస్తుంది. మొదటిసారి తిప్పినప్పుడు పలకలు ఫట్‌ఫట్‌మని విరిగిపోతున్నంత చప్పుడు చేశాయి. లోపల్నుంచి మా ఆవిడ ‘ఏమైందండీ?’ అంది. ‘ఏం లేదు, కుర్చీ’ అన్నాను. ఆ వారమంతా మా ఇంట్లో కుర్చీలు విపరీతంగా చప్పుడు చేశాయి.

కాగితం కొనడానికి జగదాంబ దాకా వెళ్ళాను. ఇంట్లో ఉన్న జిరాక్స్ కాగితం 75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 75 గ్రాములు. దాంతో కార్డు చేస్తే నిలబడదు, సాష్టాంగ పడుతుంది. 250కో 300కో పోవాలి. దుకాణం అబ్బాయి ఉత్సాహంగా ‘శుభలేఖలకాండీ? ఎన్ని వందలు?’ అన్నాడు.

‘ఒకటి.’

‘శాంపిలాండీ?’

‘కాదు. మొత్తం ఒకటే.’

నా నెరిసిన జుట్టు వైపు ఒకసారి చూసి, ‘పిల్లల స్కూల్ ప్రాజెక్టాండీ’ అని తనే దారి చూపించాడు. అవునన్నాను. ప్రేమ కోసం నేనాడిన మొదటి అబద్ధం కుర్చీ, రెండోది ఇది.

అతన్నీ తప్పు పట్టలేం. ప్రింటింగ్ ప్రెస్సుల్లో శుభలేఖలకీ స్వీటు డబ్బాలకీ రోజూ జరిగేది ఈ పనే. చెక్కలో ఉక్కు బ్లేడు బిగించి, ఒకే ఆకారంలో వేలకి వేలు కోసి పడేస్తారు. స్వీటు డబ్బా మూత చూసి కళ్ళు చెమర్చిన వాళ్ళని నేనింతవరకు చూడలేదు. అదే పని ఇంట్లో, తలుపు దగ్గరగా వేసుకుని, నాలుగు రాత్రుళ్ళు తగలేసి, ఒక్కటంటే ఒక్కటే చేస్తే దానికి హృదయం అని పేరు.

స్టెన్సిల్ మాత్రం మన ఇంటి మనిషే. బియ్యం బస్తా మీద మిల్లు పేరు, ఎన్నికలప్పుడు గోడ మీద గుర్తు, బెంచీ మీద నంబరు, అన్నీ ఇలా కంతలు కోసిన రేకు పెట్టి రంగు కొట్టినవే. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మొన్న సంక్రాంతికి మా ఆవిడ పూర్ణా మార్కెట్ నుంచి ప్లాస్టిక్ ముగ్గు అచ్చులు తెచ్చి, నిమిషంలో నాలుగు నెమళ్ళు దించేసింది. మా అమ్మ చూసి, ‘అచ్చుతో గుద్దినదాన్ని ముగ్గంటారేటి? చుక్కలు పెట్టి చెయ్యి తిప్పితే ముగ్గు’ అంది. నేను అమ్మ పక్షాన నిలబడి, సంప్రదాయాలు ఎలా అంతరించిపోతున్నాయో గుమ్మంలో పది నిమిషాలు ప్రసంగించాను. ఆ ప్రసంగాన్ని ఇందుమూలంగా బేషరతుగా ఉపసంహరించుకుంటున్నాను.

ఎందుకంటే అచ్చుతో దించడం కూడా అంత తేలికేం కాదు. స్పాంజికి ఇంకు ఎక్కువైతే అది స్టెన్సిల్ అంచు కిందికి పాకుతుంది. ముందు చిత్తుకాగితం మీద నాలుగుసార్లు అద్ది, మిగిలిన పొడిపొడి రంగుతో మెల్లగా తట్టాలి, రుద్దకూడదు. ఈ జ్ఞానం నాకు రెండో కార్డు పాడయ్యాక కలిగింది. మొదటి కార్డు మీద గుండె జీడిమామిడి పండులా వచ్చింది, గింజతో సహా. రెండోదాని గురించి మాట్లాడకపోవడమే మర్యాద. మూడోది బాగానే వచ్చింది గానీ, బాల్కనీలో ఆరబెడితే సముద్రపు గాలికి తెల్లారేసరికి అప్పడంలా వంకర తిరిగింది. నాలుగోదాన్ని నిఘంటువు కింద పెట్టి కాపాడుకున్నాను. కొన్న ఇన్నేళ్ళకి ఆ నిఘంటువు మా ఇంట్లో ఒక పనికొచ్చింది.

లేసులాంటి అంచు కోసే డైలతో ఇంకో తంటా. కోసిన ప్రతిసారీ ఆవగింజంత కాగితం ముక్కలు సందుల్లో ఇరుక్కుపోతాయి. ఒక్కొక్కటీ సన్నటి మొనతో పొడిచి తియ్యాలి. రాత్రి పదిన్నరకి ఇంట్లో సన్నటి మొన ఎక్కడ దొరుకుతుంది? వంటింట్లో గట్టు తుడుస్తున్న మా ఆవిడ దగ్గరికెళ్ళి పిన్నీసు అడిగాను. ఎందుకని కూడా అడగలేదు. తడి చెయ్యి చీరకి తుడుచుకుని, ఎడమ చేతి గాజులకి వేలాడుతున్న మూడింటిలోంచి ఒకటి తీసి, నోటితో పట్టి తెరిచి, నా చేతిలో పెట్టింది. ఆ పిన్నీసుతో ఆ రాత్రి డెబ్బై చిల్లర కాగితం ముక్కలు పొడిచాను. డై ఆకారానికి డెబ్బై కంతలుంటే నన్నేం చెయ్యమంటారు?

ఈ లేసు గుండెల వ్యాపారానికి అమెరికాలో ఊపు తెచ్చినావిడ ఎస్తర్ హౌలాండ్. మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో వాళ్ళ నాన్నకి స్టేషనరీ షాపు ఉండేది. 1840ల చివర్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక లేసు కార్డు చూసి, ఇది నేనూ చెయ్యగలను అనుకుంది. ఆర్డర్లు మీద పడేసరికి ఆడవాళ్ళని బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒకరు కత్తిరిస్తుంటే ఒకరు అంటించేలా పని పంచింది. 1881లో లాభసాటిగా నడుస్తున్న ఆ వ్యాపారాన్ని అమ్మేసింది. అన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళ ప్రేమలన్నీ పోగేసి అంటించిన ఆ మనిషి మాత్రం పెళ్ళి చేసుకోలేదు. లోపలి సంగతులు తెలిసిన మనిషి కదా.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. మన పక్కనే, అనకాపల్లి జిల్లాలో లక్క బొమ్మల ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని లేతు మిషన్ మీద తిప్పుతూ, గింజలు, బెరళ్ళు, ఆకుల నుంచి తీసిన రంగులు లక్కలో కలిపి పట్టిస్తారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లేతు తిరిగింది కాబట్టి అది చేతిపని కాదు అనే మగాడు ఈ మూడు జిల్లాల్లో ఉన్నాడా? లేడు. కాబట్టి రోలర్ తిరిగినంత మాత్రాన నా కార్డు కూడా చేతిపని కాకుండా పోదు. ఈ వాదాన్ని ఫోన్లో మా అమ్మాయికి వినిపించాను. ‘నాన్నా, వాళ్ళకి పనొచ్చు’ అంది. తర్కశాస్త్రం ప్రకారం ఇది వ్యక్తిగత దూషణ, లెక్కలోకి రాదు.

పదమూడో తారీఖు రాత్రికి కార్డు తయారు. వెనక స్టెన్సిల్‌తో నీలం అలలు, ముందు మూడు పొరల గుండె, ఫోమ్ టేపు మీద కాస్త ఎత్తుగా. తెరిస్తే లోపల తెల్లగా ఖాళీ. అక్కడ ఏదో రాయాలట. కిట్‌లో దానికీ రబ్బరు స్టాంపులున్నాయి గానీ, అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ‘ప్రియమైన’ అని మొదలుపెడితే సెలవు చీటీలా ఉంది. పేరు రాస్తే రేషన్ కార్డులా ఉంది. ‘శ్రీమతి’ అని రాస్తే చదివింపుల కవరు. చిత్తుకాగితం మీద ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అని రాసి పైకి చదివాను. డబ్బింగ్ సీరియల్లా వినపడింది. గడియారం ఒంటిగంట కొట్టింది. ఈ డైలు, స్టెన్సిళ్ళు ఇంతలా ఎందుకు అమ్ముడుపోతున్నాయో అప్పుడు తెలిసింది. ఆ ఒక్క వాక్యం రాయమంటే నేను ఇంకో నాలుగు రాత్రుళ్ళు గుండెలు కోస్తాను, అవసరమైతే వీధి మొత్తానికి కోసిపెడతాను. పెన్ను మూత పెట్టేశాను.

పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన కార్డు పెట్టాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

‘తమలపాకు బాగుంది. వక్కేదండీ?’

‘హృదయం అది’ అన్నాను.

తెరిచి చూసింది. లోపల తెలుపు. వెనక్కి తిప్పింది, మళ్ళీ తెరిచింది. తర్వాత నా వేళ్ళకంటిన నీలం ఇంకు చూసింది.

‘ఈ నాలుగు రోజులూ ఆ కుర్చీ చప్పుడు ఇదా?’

నేను కాఫీ తాగుతున్నాను. ఆవిడ కార్డుని తీసుకెళ్ళి దేవుడి గూట్లో, అగ్గిపెట్టె దూరంగా జరిపి మరీ నిలబెట్టింది. వంటింట్లోకి వెళ్తూ వెనక్కి తిరిగి, ఎడమ చేతి గాజులు పైకి తోసుకుంది.

‘అది సరే గానీ, నా పిన్నీసేదీ?’

మిషన్ కింద వెతుకుతున్నాను.