నమలకుండా మింగే అలవాటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నమలకుండా మింగే అలవాటు గారికి నమస్కరించి వ్రాయునది.

మిమ్మల్ని తిట్టని పెద్దవాళ్లు లేరు. మెల్లగా తినమనీ, బాగా నమలమనీ, మీ జోలికి పోతే కడుపు చెడుతుందనీ చెప్పి చెప్పి వాళ్ల నోళ్లు నొప్పి పుట్టాయి. మేమూ బుద్ధిగా నమ్మాం. తీరా చూస్తే, ఈ నేల మీద నడిచిన జంతువులన్నిటిలోకీ పెద్దవి మీ శిష్యులేనట! పొడుగు మెడల సౌరోపాడ్ డైనోసార్లు. వాటిలో అర్జెంటీనోసారస్ బరువు 70 టన్నుల దాకా ఉండవచ్చని అంచనా. బాగా నమిలి తిన్న పాపాన ఒక్కటీ పోలేదు.

మీ కుతంత్రం ఇప్పుడు అర్థమైంది. నమలాలంటే తిరగళ్ల లాంటి దవడ పళ్లు కావాలి, వాటిని ఆడించే కండలు కావాలి, ఇవన్నీ పట్టే పెద్ద తల కావాలి. అంత తలను మీటర్ల కొద్దీ సాగిన మెడ చివర మోయడం ఎవరి తరం? మీరు నమలడమే రద్దు చేశారు. తల చిన్నదిగా ఉండిపోయింది, మెడ సాగింది. మెడ ఎముకల్లో గాలి గదులు పెట్టి ఆ బరువూ తగ్గించారు. ఇక నిలబడ్డ చోటే నిలబడి, మెడ ఒక్కటీ అటూ ఇటూ తిప్పుతూ మేయడమే. సోమరితనానికి ఇంత ఘనమైన నిర్మాణం మరెక్కడా చూడలేదు.

పళ్ల విషయంలో మీ పక్షపాతం మరీ దారుణం. డిప్లొడోకస్ అనే సౌరోపాడ్‌కు మూతి ముందు మాత్రమే సన్నని పళ్లు, అవీ కొమ్మను పట్టి ఆకు దూయడానికే. అరిగితే బెంగ లేదు, దాదాపు 35 రోజులకు ఆ చోట కొత్త పన్ను సిద్ధం. నైజర్‌సారస్‌కైతే 14 రోజులే! మీ మాట వినని ఏనుగు రోజులో ఎక్కువ భాగం నములుతూనే ఉంటుంది. పాపం, దానికి జన్మంతా కలిపి ఆరు విడతల దవడ పళ్లు. ఆఖరి విడత అరిగిపోతే పస్తే గతి.

నోట్లో నమలకపోతేనేం, మింగిన రాళ్లు కడుపులో నూరేవని కొందరు పండితులు మీ పరువు కాపాడబోయారు. 2007లో ఆలివర్ వింగ్స్, మార్టిన్ సాండర్ అనే శిలాజ శాస్త్రవేత్తలు ఉష్ట్రపక్షుల కడుపు రాళ్లతో పోల్చి చూసి ఆ వాదన చెల్లదన్నారు. అంత శరీరానికి ఆ రాళ్లు ఏ మూలకు? చాకిరీ అంతా పేగుల్లోని సూక్ష్మజీవులదే. ఆకును రోజుల తరబడి పులియబెట్టి, అరిగించి, యజమానికి అందించాలి. పేరు మాత్రం మెడకు.

బుకాయించకండి, సాక్ష్యం ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2017లో జూడీ అని పేరు పెట్టిన డయామంటినాసారస్ అనే సౌరోపాడ్ శిలాజం బయటపడింది. దాదాపు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల కిందట అది చేసిన చివరి భోజనం కడుపులోనే రాయైపోయింది. 2025లో ఆ వివరాలు వెలువడ్డాయి: పైన్ లాంటి కోనిఫర్ చెట్ల భాగాలు, ఇప్పుడు అంతరించిన విత్తన ఫెర్న్‌లనే మొక్కల కాయలు, పూల మొక్కల ఆకులు. పంటి కింద నలిగిన జాడ దాదాపు లేదు. మహారాష్ట్రలోని పిస్దురాలో దొరికిన పేడ శిలాజాలు టైటనోసార్లనే సౌరోపాడ్లవని భావిస్తున్నారు. వాటిలోనైతే గడ్డి ఆనవాళ్లు, అందులోనూ వరికి దగ్గరి చుట్టాలవి, 2005లో తేలాయి. నేల మీది గడ్డినీ వదల్లేదన్నమాట!

ఇన్ని చేసి, మీ శిష్యులు పది కోట్ల ఏళ్లకు పైగా దర్జాగా బతికి, చివరికి 6.6 కోట్ల ఏళ్ల కిందట గ్రహశకలం వచ్చి పడితే పోయారు. అజీర్తితో పోయారని మా పిల్లలకు చెప్పుకునే అవకాశమైనా మిగల్చలేదు.

ఇట్లు,
దవడలు నొప్పెట్టిన ఒక విధేయుడు