ఆయ్, రాసేశానండి!

కంప్యూటర్లో ప్రోగ్రాంలు రాయమన్నవన్నీ ముందుగా అందుకునే పేజ్ క్యాష్ గారికి,

భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టున తూకాలు రాసుకునే గుమస్తా నమస్కరించి రాయునది.

మీరూ మా గోదారోళ్ళేనేమోనని నాకు ఎప్పటినుంచో అనుమానం. కాదనడం మీకు రాదు. ఈ ట్రే రాసుకోండి అనడమే ఆలస్యం, "ఆయ్, రాసేశానండి" అనేస్తారు. ఆ మర్యాదకే పడిపోయాను. మీరు రాసింది డిస్కులో కాదు, కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లో అని మొన్న రాత్రి కరెంటు పోయాకే తెలిసింది.

పట్టుబడి సగంలో ఉంది. షెడ్డులో పాత కంప్యూటరు, యూపీఎస్ లేదు. ట్రే కాటా ఎక్కడం, కుర్రాడు బరువు కేకెయ్యడం, నేను ఎంటర్ కొట్టడం. ఠప్పుమని చీకటి. కరెంటు వచ్చాక చూస్తే ఆఖరి మూడు ట్రేలు గల్లంతు. రైతు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, తడి వేళ్ళతో పేజీ తిప్పాడు. బాల్‌పెన్నుతో మూడూ ఉన్నాయి. "మా దాంట్లో ఉన్నాయండి, మీ మిషన్లో లేవాండి?" అన్నాడు. రెండు అండీలు పెట్టి మరీ.

తర్వాత ఆరా తీశాను. మా కంప్యూటరుని నడిపే లినక్స్‌లో మామూలు సెట్టింగులుంటే మీ పనివాళ్ళు 5 సెకన్లకోసారి లేస్తారట. లేచినా, 30 సెకన్లు దాటిన పేజీలనే, అంటే ర్యామ్‌లోని డేటా కట్టలనే, డిస్కుకి మోస్తారట. అవి పేజీలా, ఆవకాయ ముక్కలా, ఊరబెట్టడానికి?

ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కి మూడోది. మీకూ గేజీలున్నాయి. అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం, డిస్కుకి చేరని పేజీలతో నిండితే వెనకనుంచి దించడం మొదలెడతారు. 20 శాతానికొస్తే రాసే ప్రోగ్రాంనే ఆపి నిలబెడతారు. కానీ నా మూడు ట్రేలూ కలిపి వంద అక్షరాలుండవు. అంత చిన్న సరుక్కి మీ దగ్గర ఏ గంటా మోగదు.

మీ తప్పేనని అనను. రొయ్య రొయ్యకీ లారీ కదిలిస్తే వ్యాపారం సాగదు. ఎఫ్‌సింక్, అంటే "ఇప్పుడే డిస్కుకి చేర్చండి" అని నిలదీస్తే, డిస్కు అందిందనేదాకా మీరూ మాటివ్వరట. మా తూకం ప్రోగ్రాంలో ఆ పిలుపే లేదు. అది రాసిందెవరని మా ఓనరు ముందు మాత్రం అడక్కండి, నేనే.

ఇప్పుడు ట్రేకోసారి నిలదీస్తున్నాను. చెప్పుకోదగ్గ ఆలస్యమేం లేదు.

ఇట్లు,
మూడు ట్రేలూ రైతు పుస్తకం చూసి ఎక్కించుకున్న గుమస్తా

తా.క. డిస్కు లోపల కూడా మీలాంటాయనే ఇంకొకరు, సొంత క్యాష్ పెట్టుకుని కూర్చుంటారటగా. ఖాళీ చెయ్యమంటే ఆయన నిజంగా చేస్తారా, ఆయన కూడా "ఆయ్" అనే బాపతేనా?