దేశ ప్రయోజనం సరే, ఖర్చు ఎవరిది?

విదేశాంగ విధానం మీద ఎవరు వాదించినా నేను ముందు చూసేది ఒకటే: ఆ నిర్ణయం భారం ఎవరి మీద పడుతుందో చెప్పారా, లేదా? 'దేశ ప్రయోజనం' దగ్గరే ఆగిపోతే, ఏ పక్షం మాటైనా అది అరకొర వాదనే.

2025 ఆగస్టునే తీసుకోండి. రష్యా చమురు కొంటున్నామని అమెరికా మన సరుకు మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. అంతకుముందు వేసిన దాంతో కలిపి 50 అయింది. చమురు కొనడమే తప్పన్నవాళ్లు వెంటనే ఆ సుంకాన్నే రుజువుగా చూపించారు. ఇది నిలబడే వాదన కాదు. రష్యా చమురు మనకన్నా ఎక్కువ కొన్న చైనాకు ఆ జరిమానా పడలేదు. నిర్ణయం తీసుకున్ననాడు ఇంకే దారులున్నాయో చూడాలి గానీ, తర్వాత తగిలిన దెబ్బను బట్టి తీర్పు చెబితే ఎలా?

ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చేవాళ్లకూ పరీక్ష ఉంది: భారం ఎవరి మీద పడుతుందో చెప్పారా? రైతుల ప్రయోజనాల విషయంలో రాజీపడబోమని ఆగస్టు 7న ప్రధాని అన్నారు. 12 రోజులు తిరిగేసరికి విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు ఆఖరుదాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. నల్లగొండ జిల్లాలో అప్పటికే పత్తి చేలు పూత, కాత మీదున్నాయి. పంట మార్చుకునే వీల్లేదు. ఏరుడు మొదలై పత్తి అమ్మకానికొచ్చే నెలలేమో ఆ గడువులోనే పడ్డాయి.

"మద్దతు ధర ఉంది కదా" అంటారు. 2025-26 సీజన్‌లో పొడుగు పింజ పత్తికి క్వింటాల్‌కు 8,110 రూపాయలు ఉండేది, నిజమే. కానీ తేమ 12 శాతం దాటితే, మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. వానకు తడిసిన పత్తిని ఎన్నాళ్లు ఆరబోస్తారు? అప్పు తీర్చాల్సిన రైతు వ్యాపారికే అమ్ముకుంటాడు. బట్టల మిల్లుకు బయటి పత్తి చౌకగా దొరికితే ఆ వ్యాపారి ధర తగ్గించక ఏం చేస్తాడు?

అయినా సుంకం ఎత్తివేతను సమర్థించే వాదనల్లో ఒకటి గట్టిదే. అమెరికా ఆర్డర్లు పోయి మిల్లులు మూతపడితే మన పత్తిని కొనేవాళ్లే ఉండరన్నది. దీన్ని లెక్కలతో సరిచూడొచ్చు: మిల్లుకు ఎంత కలిసొచ్చింది, ఊళ్లో ధర ఎంత పడిపోయింది? ఈ రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడినవాళ్లు మాత్రం, అధికారపక్షంలో గానీ ప్రతిపక్షంలో గానీ, నాకు కనపడలేదు. "దేశద్రోహులు", "లొంగిపోయారు" అన్న అరుపులకైతే కొదవలేదు. మిల్లులను ఆదుకోవడానికి ఖజానా నుంచి నేరుగా సాయం ఎందుకు చేయలేదో, పత్తి ధర మీద దెబ్బ పడే దారినే ఎందుకు ఎంచుకున్నారో చెప్పేదాకా ఆ గట్టి వాదనకూ నేను పూర్తి మార్కులు వేయలేను.