తోటకూర నాడే చెప్పాల్సిన మాట

మొన్న సెలవులకి హైదరాబాద్ వెళ్లినప్పుడు అమ్మతో కలిసి ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్లాను. అలవాటు కొద్దీ నా చెయ్యి పాలకూర కట్టల మీదికి పోయింది. ఆకుకూరలమ్మే ఆవిడ నన్ను వదిలేసి అమ్మతో, "కొయ్యగూర తీస్కపో అమ్మా, పొద్దుగాల కోసింది" అంది. కొయ్యగూర అంటే మన తోటకూరే. అమ్మ మూడు కట్టలు సంచిలో వేసుకుంది. "పాలకూర తీసుకోవచ్చుగా, ఐరన్ ఉంటుంది" అన్నాను. "తోటకూరలో ఏముంటుంది మరి, మట్టా?" అంది అమ్మ.

సమాధానం చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక పోషకాల పట్టికలు తీసి చూస్తే తెలిసింది, ఇన్నాళ్లూ నేను తప్పు కూరని నెత్తిన పెట్టుకున్నానని.

విదేశాలకొచ్చిన మన ఇళ్లల్లో తోటకూర ఎందుకు వెనకబడిందో నాకు తెలుసు. పాలకూర కడిగేసి, డబ్బాలో పెట్టి, వారం రోజులు ఫ్రిజ్‌లో కదలకుండా కూర్చునేలా వస్తుంది. తోటకూర శుక్రవారం ఇండియన్ స్టోర్‌కి వస్తే ఆదివారానికి తల వేలాడేస్తుంది. నీరసపడిన మనిషిని తోటకూర కాడలా వేలాడిపోయాడని ఊరికే అనలేదు మనవాళ్లు. సుఖంగా ఉందని పాలకూర కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. బలం అందులోనే ఉందని పిల్లలకి నూరిపోయడం దగ్గరే నా గొడవ.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో 100 గ్రాముల పచ్చి పాలకూరలో కాల్షియం 99 మిల్లీగ్రాములు, తోటకూరలో 215. విటమిన్ సి అందులో 28, ఇందులో 43. ఇనుము 2.7, 2.3, దాదాపు సమానమే. కేలరీలు రెండింటిలోనూ 23. కడుపులో బిడ్డకి అవసరమైన ఫోలేట్ అనే బి విటమిన్ దగ్గర మాత్రం పాలకూరదే పైచెయ్యి, 194 మైక్రోగ్రాములకి 85. కడుపుతో ఉన్న అమ్మాయికి పాలకూర పప్పు పెట్టమంటే నేను కాదనను.

ఇక తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్ చేరింది. వాళ్లు 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికలు చూస్తే కాల్షియంలో తేడా ఇంకా పెద్దది. ఇనుములో కూడా తోటకూరే ముందుంటుంది. రకం, నేల, కోసిన అదను మారితే అంకెలూ మారతాయి కాబట్టి దశాంశాల కోసం కొట్టుకోనక్కర్లేదు. కానీ తోటకూర పేదింటి చుట్టమన్న చులకన ఏ పట్టిక ముందూ నిలబడదు.

ఇంకో తమాషా ఉంది. హైదరాబాద్ సంతల్లో పాలకూర పేరుతో ఎక్కువగా దొరికేది మనం ఇక్కడ డబ్బాల్లో కొనే స్పినాచ్ కాదు. అది బీట్‌రూట్‌కి తోబుట్టువు, ఇక్కడ దొరికే స్విస్ చార్డ్ అనే ఆకుకూరకి దగ్గర బంధువు. అంటే "మా చిన్నప్పటి పాలకూరే" అనుకుంటూ తింటున్నది చాలాసార్లు వేరే మొక్క. మరి తోటకూర సంగతా? జమైకా వాళ్ల కొట్లో కలలూ అనీ, చైనా వాళ్ల కొట్లో యిన్ చాయ్ అనీ నవనవలాడుతూ దొరుకుతుంది. దాని దాయాదుల్నే అమెరికా రైతులు పిగ్‌వీడ్ అని తిడుతూ పత్తి చేలల్లోంచి పీకి పారేస్తుంటారు.

అంకెలు చదివి నేను ఊగిపోతుంటే అక్కయ్య నీళ్లు చల్లింది. "పాలకూర, టమాటా కలిపి తింటే కిడ్నీలో రాళ్లొస్తాయంటారు కదా, తోటకూరకి ఆ బాధ లేదా?" అని. ఉంది. రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్లనే పదార్థాలు రెండింటిలోనూ ఎక్కువే. అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పాలల్లోని కాల్షియంలో పావు వంతుకు పైగా ఒంటికి పడితే, పాలకూరలోది నూటికి ఐదు వంతులే పడుతుంది. తోటకూర 215 కూడా కాగితం మీద కనిపించినంత గొప్పది కాదన్నమాట. తోటకూర తింటున్నాం కదా అని పాలూ పెరుగూ మానేస్తే మోసపోతాం.

పాపం టమాటాని మాత్రం ఊరికే ఆడిపోసుకుంటున్నాం. దానిలో ఆక్సలేట్ చాలా తక్కువ. రాళ్ల చరిత్ర ఉన్నవాళ్లు జాగ్రత్త పడాల్సింది పాలకూరతో, తోటకూరతో. ఆకుని ఉడికించి నీళ్లు వార్చేస్తే ఆక్సలేట్ కొంత పోతుంది. దాంతోపాటు ఫోలేట్, విటమిన్ సి కూడా సింకులోకి పోతాయి కాబట్టి ఏ బాధా లేనివాళ్లు ఆ పని చేయొద్దంటాను. అదే భోజనంలో పెరుగన్నం కలుపుకుంటే, పెరుగులోని కాల్షియం కడుపులోనే ఆక్సలేట్‌ని పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. పెరుగు తోటకూర వండిన మన అమ్మమ్మలకి ఈ లెక్క తెలియదు, ఆ రుచి తెలుసు.

ఇనుముది ఇంకో కథ. ఆకులో ఉన్న ఇనుము మాంసంలోదాని కంటే తక్కువగా ఒంటబడుతుంది, పులుపు తోడైతే కొంచెం నయం. అందుకే తోటకూర పులుసంటే నాకు గౌరవం. వేపుడైతే దించాక నిమ్మకాయ పిండుకోవాలి. వేపుడులో నూనె చూసి మొహం తిప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, ఆకులో ఉండి ఒంట్లో విటమిన్ ఎగా మారే కెరోటిన్ ఒంటబట్టాలంటే కాస్త కొవ్వు ఉండాల్సిందే. నూనె చుక్క తగలని పచ్చి పాలకూర సలాడ్ కంటే రెండు చెంచాల నూనెలో మగ్గిన తోటకూర ఆ విషయంలో మేలు.

ఇంత చేసి భోజనం కాగానే టీ తాగితే సగం కష్టం వృథా. టీలోని పదార్థాలు ఇనుమును అడ్డుకుంటాయి. గంట ఆగి తాగొచ్చు. హైదరాబాద్‌లో ఈ మాట చెప్పడం కష్టమే, అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే ఇరానీ చాయ్‌కి పదమంటారు.

మన దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల గురించి కూడా ఒక మాట. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడి, వార్ఫరిన్ మందుకి ఎదురు పనిచేసే విటమిన్ కె తోటకూరలో పాలకూరలో కంటే రెండింతలు పైనే. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూర మానక్కర్లేదు. కానీ నెలల తరబడి తినకుండా ఉండి, నా వ్యాసం చదివి ఒక్కసారిగా రోజూ రెండు కట్టలు లాగించకూడదు. ఎంత తింటున్నారో డాక్టరుకి చెప్పి, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. ఇదంతా చెబితే నాన్న, "అంటే తినొచ్చనా, వద్దనా?" అన్నారు. "ఇప్పుడు తింటున్నంతే తినండి నాన్నా" అన్నాను.

ఆ రోజు అమ్మ ఆకుతో పులుసు పెట్టి, ముదురు కాడల్ని పప్పులో వేసింది. నేను అక్కడ కాడలన్నీ కత్తిరించి చెత్తబుట్టలో వేస్తానని ఆవిడకి చెప్పలేదు.