సమన్లు అందనివాళ్లకు శిక్ష ఎలా వేస్తారు?

1552 జనవరిలో కొచ్చిన్ నుంచి యూరప్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. రాసింది ఫ్రాన్సిస్ జేవియర్. జపాన్‌లో రెండేళ్లకు పైగా సువార్త చెప్పి అప్పుడే తిరిగొచ్చాడు. అక్కడ కొత్తగా విశ్వాసులైనవాళ్లను ఒక్క సంగతి కుదిపేసిందని ఆ ఉత్తరంలో చెప్పాడు. క్రీస్తు పేరు తెలియకుండా పోయిన తమ తల్లిదండ్రులు, బిడ్డలు నరకంలో ఉన్నారని, ఆ తలుపు ఇక తెరుచుకోదని విని వాళ్లు ఏడ్చారు. దానాలు చేస్తే వాళ్లకేమైనా మేలు జరుగుతుందా? ప్రార్థనలు చేస్తే? మళ్లీ మళ్లీ అడిగారు. ఏ దారీ లేదన్నాడు జేవియర్. తనకెంతో ఇష్టమైన మనుషులు అలా కుమిలిపోతుంటే తనకూ కన్నీళ్లు ఆపుకోవడం కష్టమైందని కూడా రాసుకున్నాడు.

ఈ ఉత్తరం గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అక్కడ సత్యానికి దగ్గరగా ఉన్నది ఆయన చెప్పిన జవాబు కాదు, ఆపుకోవడం కష్టమైన ఆ కన్నీళ్లే.

క్రీస్తు గురించి ఒక్క మాటైనా చెవిన పడకుండా బతికి చనిపోయినవాళ్ల గతి ఏమిటన్నది పాత ప్రశ్నే. నా సంగతి ముందే చెప్పేస్తాను. వినలేదన్న కారణానికి వాళ్లు నిత్య నరకానికి పోతారనడం అన్యాయం. పైగా ఆ బోధకు ఆధారమని చూపే బైబిల్లోనే దానికి ఎదురు నిలిచే మాటలు కొల్లలుగా ఉన్నాయి.

చర్చి చరిత్రలో ఈ తగవు ఎన్ని మలుపులు తిరిగిందో చాలామందికి తెలిసిందే. రెండో శతాబ్దంలోనే జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత, దైవవాక్కుకు తగ్గట్టు బతికిన సోక్రటీసు లాంటివాళ్లు క్రైస్తవులేనని తెగించి రాశాడు. మూడో శతాబ్దంలో కార్తేజ్ బిషప్ సిప్రియన్, సంఘం (అంటే చర్చి) బయట రక్షణ లేదన్నాడు. 1442లో ఫ్లోరెన్స్ మహాసభ దాన్ని గట్టి శాసనంగా మార్చింది. అన్యులు, యూదులు, వేరుపడినవాళ్లు చనిపోయేలోగా సంఘంలో చేరకపోతే నిత్యాగ్నికేనని తేల్చింది. సరిగ్గా 50 ఏళ్లకు కొలంబస్ ఓడలు అట్లాంటిక్ దాటాయి. సువార్త పేరే వినని జనంతో నిండిన ఖండాలు బయటపడ్డాయి. అప్పటి నుంచి ఆ శాసనానికి సడలింపులు వెతుక్కోక తప్పలేదు. 1863లో తొమ్మిదో పయస్ పోపు, తమ తప్పు లేకుండా తెలియక ఉండిపోయినవాళ్లకు దారి మూసుకుపోలేదన్నాడు. 1964లో రెండో వాటికన్ మహాసభ ఆ మాటను ఇంకా స్పష్టం చేసింది. ఈ మధ్యలో బోస్టన్‌లో లియొనార్డ్ ఫీనీ అనే ఫాదర్ పాత మాటనే అక్షరాలా పట్టుకు కూర్చుంటే, 1949లో రోమ్ అది తప్పని ఉత్తరం రాసింది. 1953లో అవిధేయత కింద ఆయన్నే సంఘం నుంచి వెలివేసింది. ప్రొటెస్టెంట్లలో మాత్రం ఈ తగవు ఇప్పటికీ తెగలేదు.

అవతలివాళ్ల వాదన బలం లేనిదేమీ కాదు. 'నేనే మార్గమును, సత్యమును, జీవమును' అని యేసు అన్న వాక్యం వాళ్ల చేతిలో ఉంది. వినలేదని ఎవరికీ శిక్ష పడదు, చేసిన పాపానికే పడుతుంది, పాపం చేయనివాడు ఎవడూ లేడు అంటారు. సృష్టిని చూసైనా సృష్టికర్తను తెలుసుకోవాల్సింది, కాబట్టి 'వారు నిరుత్తరులై యున్నారు' అని, బైబిల్లో పౌలు రోమ్ విశ్వాసులకు రాసిన ఉత్తరం, అంటే రోమా పత్రిక, మొదటి అధ్యాయం చూపిస్తారు. ఆపైన వాళ్లు గట్టిదనుకునే ప్రశ్న ఒకటుంది: తెలియనివాళ్లు తెలియకుండానే రక్షణ పొందేటట్టయితే, ప్రాణాలకు తెగించి సువార్త చెప్పడం దేనికి? ఈ ప్రశ్న వేసేవాళ్లు ఒకటి గమనించాలి. నరకం భయం తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలదనుకుంటే, వాళ్లు మోసుకెళ్లేది మంచి వార్త కాదు, ఉత్త బెదిరింపు.

మళ్లీ జేవియర్ దగ్గరికే వస్తాను. ఎందుకంటే ఈ వాదానికి తాళంచెవి ఆయన ఉత్తరంలోనే ఉంది. మీ దేవుడు అంత మంచివాడైతే ఇన్నాళ్లూ మాకెందుకు కనిపించలేదు, మా పెద్దల్ని ఎందుకు నరకానికి పంపాడు అని జపాన్‌వాళ్లు నిలదీశారు. దానికి జేవియర్ చెప్పిన సమాధానం గొప్పది. దేవుడి ధర్మం మీ దగ్గరికి కొత్తగా రాలేదు, మొదటి నుంచీ మీ గుండెల్లోనే రాసి ఉంది అన్నాడు. చంపడం, దొంగిలించడం తప్పని మీకు ఎవరు నేర్పారు? చదువూ సంధ్యా లేకుండా కొండల్లో ఒంటరిగా పెరిగినవాణ్ణి అడిగినా అవి తప్పనే చెబుతాడు కదా అన్నాడు. ఆ మాటకు వాళ్లు ఒప్పుకున్నారు కూడా.

మరి ఆ ధర్మం గుండెల్లో రాసి ఉన్నప్పుడు, దాన్ని మీరినవాడికి అది సాక్ష్యమైతే, దానికి కట్టుబడినవాడికి సాక్ష్యం కాదా? నేరం మోపడానికి పనికొచ్చిన చట్టం విడుదలకు పనికిరాకుండా ఎలా పోతుంది? జేవియర్ ఆ చట్టంలో సగమే చదివాడు. పౌలు మాత్రం పూర్తిగా రాశాడు. రోమా పత్రిక రెండో అధ్యాయంలో, ధర్మశాస్త్రం లేని జనం గురించి చెబుతూ, వాళ్ల తలంపులు 'తప్పు మోపుచు లేక తప్పులేదని చెప్పుచు' ఉంటాయన్నాడు. 'లేక' అన్న ఆ ఒక్క మాటే ఈ తగవులో నాకు పెద్ద సాక్ష్యం. నిర్దోషి అని తేలే అవకాశమే లేకపోతే పౌలు ఆ మాట రాసేవాడు కాదు. మూడో అధ్యాయంలో అందరూ పాపులే అన్నాడుగా అంటారు. అన్నాడు, అందులో విన్నవాళ్లూ ఉన్నారు. కృప అవసరమన్నది అందరికీ ఒకటే. ఆ కృప పేరు తెలిసినవాడి గడపే దాటుతుంది, తెలియనివాడి గడప తొక్కదు అనడానికి ఆధారమేదీ?

లేదని చెప్పడానికి అబ్రాహామే చాలు. యేసు అన్న పేరు ఆయన చెవిన పడలేదు. రాహాబుకూ తెలియదు. అయినా హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం వాళ్లిద్దర్నీ విశ్వాసుల వరసలోనే నిలబెట్టింది. పసిబిడ్డగా పోయినవాళ్ల సంగతీ అంతే. ఒకప్పుడు అగస్టీను అనే తొలినాటి వేదాంతి, బాప్తిస్మం లేని పసివాళ్లకూ శిక్ష తప్పదు, కాకపోతే అన్నిటికంటే తేలికైన శిక్ష అన్నాడు. ఇవాళ ఏ తల్లి ముందు నిలబడి ఆ మాట అనగలరు? 2007లో వాటికన్ వేదాంత కమిషనే, అలాంటి పసివాళ్లకు రక్షణ ఉంటుందని ఆశించడానికి బలమైన ఆధారాలున్నాయని చెప్పింది. కఠినంగా మాట్లాడే ప్రొటెస్టెంట్ బోధకుల్లోనూ చాలామంది పసివాళ్ల దగ్గరికొచ్చేసరికి మెత్తబడతారు. మెత్తబడటం మంచిదే. కానీ పేరు తెలిస్తేనే రక్షణ అన్న నియమం అక్కడే తెగిపోయిందని వాళ్లు ఒప్పుకోవాలి.

ఎక్కడ పుట్టాం, ఎప్పుడు పుట్టాం అన్నది మన చేతిలో లేదు. భూమ్మీద మనిషి పుట్టి దాదాపు 3 లక్షల ఏళ్లు. అందులో సువార్త వయసు రెండు వేలు. ఆస్ట్రేలియాలో మనుషులు పదుల వేల ఏళ్లుగా బతుకుతుంటే, మొదటి వలసవాళ్లతో బ్రిటిష్ ఓడలు అక్కడ లంగరు వేసింది 1788లో. ఆ ఓడలకు ముందు పోయిన తరాలన్నీ, ఓడ రావడం ఆలస్యమైనందుకు కాలిపోతున్నాయా? కింది కోర్టు కూడా సమన్లు అందలేదని రుజువైతే, ప్రతివాది లేకుండా ఇచ్చిన ఎక్స్‌పార్టీ తీర్పును పక్కన పెడుతుంది. 'సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా' అని అబ్రాహాము ఎదురు నిలిచి అడిగిన న్యాయమూర్తి అంతకంటే తక్కువవాడా? ఆ న్యాయమూర్తి, ఏథెన్సులో పౌలు మాటల్లో, 'అజ్ఞానకాలములను చూచి చూడనట్టుగా' ఉన్నవాడు. తెలియక తప్పు చేసినవాడికి 'కొద్ది దెబ్బలే' అని లూకా సువార్తలో చెప్పినవాడు.

నన్ను ఇంతకంటే పట్టి పీడించే ప్రశ్న మరొకటి ఉంది. అసలు వినడం అంటే ఏమిటి? ఈ చర్చలో అందరూ మనుషుల్ని విన్నవాళ్లు, విననివాళ్లు అని రెండు వరసల్లో నిలబెడతారు. ఆ గీత అంత తేలిగ్గా గీయగలిగిందేనా?

1513లో స్పెయిన్ రాజ్యం ఒక ప్రకటన తయారు చేయించింది. దాని పేరు రెకెరిమియెంతో. అమెరికా ఖండంలో ఏ ఊరి మీద పడబోతున్నా స్పానిష్ సైనికులు ముందు దాన్ని చదివి వినిపించాలి. సంఘాన్ని, పోపును, స్పెయిన్ రాజును ఒప్పుకోండి, ఒప్పుకోకపోతే మీ మీద యుద్ధం చేస్తాం, మిమ్మల్నీ మీ భార్యాబిడ్డల్నీ బానిసలుగా అమ్ముతాం, ఆ చావులకూ నష్టాలకూ తప్పు మీదే అన్నది అందులోని మాట. అక్కడివాళ్లకు ముక్క అర్థం కాని భాషలో చదివేవాళ్లు. జనం పారిపోయిన ఖాళీ ఊళ్లలో కూడా చదివారు. చదివినట్టు రాసివ్వడానికి పక్కన నోటరీ ఉండాలి. కాగితం మీద సమన్లు అందినట్టే.

అంతకు ఏడాది ముందు, 1512లో, క్యూబాలో హతువే అనే తైనో ఆదివాసీ నాయకుణ్ణి కొయ్యకు కట్టి కాల్చబోతూ, ఒక సన్యాసి దగ్గరికొచ్చి రక్షణ గురించి బోధించాడు. ఒప్పుకుంటే స్వర్గానికి పోతావన్నాడు. క్రైస్తవులు కూడా అక్కడికే పోతారా అని హతువే అడిగాడు. మంచివాళ్లు పోతారని జవాబు. అయితే నాకు నరకమే కావాలి, వీళ్లు ఉండే చోటికి నేను రాను అన్నాడు. ఇది రాసిపెట్టినవాడు బర్తొలొమే దె లాస్ కాసాస్, తనూ ఆ సంఘం మనిషే. కఠిన బోధకుల లెక్కలో హతువే విన్నవాడు, విని కాదన్నవాడు. అతను కాదన్నది ఎవర్ని? క్రీస్తునా, తన కాళ్ల కింద కట్టెలు పేర్చినవాళ్లనా? ఈ ప్రశ్నను సలమాంకా విశ్వవిద్యాలయంలో వేదాంతం చెప్పిన ఫ్రాన్సిస్కో దె వితోరియా 1539లోనే తేల్చేశాడు. నమ్మదగిన రీతిలో చెప్పనంతవరకు, వినగానే నమ్మలేదని ఆ జనం మీద నేరం మోపలేం, అక్కడి నుంచి నా చెవిన పడేవి అద్భుతాలు కాదు, దారుణాలే అన్నాడు. ఐదు వందల ఏళ్ల కింద ఒక పూజారికి కనిపించినది ఇవాళ్టి బోధకులకు ఎందుకు కనిపించదో నాకు అర్థం కాదు.

2018 నవంబర్‌లో 26 ఏళ్ల అమెరికా యువకుడు ఒకడు అండమాన్‌లో, బయటివాళ్లను రానివ్వని ఆదివాసీలుండే ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లాడు. నిన్ను ప్రేమిస్తున్నాను, యేసు నిన్ను ప్రేమిస్తున్నాడు అని ఇంగ్లిషులో అరిచాడు. ఒక పిల్లవాడు వేసిన బాణం అతని చేతిలోని బైబిలుకు గుచ్చుకుందని అతనే డైరీలో రాసుకున్నాడు. ఆ తర్వాత అతని ప్రాణం పోయింది. అతని చిత్తశుద్ధిని నేను శంకించను, ఆ చావు తలుచుకుంటే బాధే. కానీ బాణం వేసిన ఆ పిల్లవాణ్ణి ఏ వరసలో నిలబెడతారు? విన్నాడా? వినలేదా? మనిషి చెవిన పడేది మాట ఒక్కటే కాదు. ఏ భాషలో వచ్చింది, ఎవరి నోట వచ్చింది, ఏ చేత్తో వచ్చింది, అవన్నీ కలిసే పడతాయి. బానిసకు యజమాని చెప్పిన సువార్తా, అదే బానిసకు తోటి బానిస రాత్రిపూట పాడి వినిపించిన సువార్తా ఒకటి కావు. దీన్ని లెక్కలోకి తీసుకోని బోధ ఏదైనా, చివరికి ఓడలున్నవాడి పక్షాన, తుపాకి ఉన్నవాడి పక్షాన తీర్పు చెబుతుంది.

కార్ల్ రానర్ అనే జర్మన్ వేదాంతి ఇరవయ్యో శతాబ్దంలో వేరే దారి చూపాడు. మంచిగా బతికిన అన్యులు తమకు తెలియకుండానే క్రైస్తవులు అన్నాడు. దయగల మాటే. నాకు మాత్రం అది పూర్తిగా నచ్చదు. ఒక మనిషి మంచితనాన్ని అతను అడగని పేరు మీద నమోదు చేయడం దేనికి? అతని మంచి అతనిదే, దేవుడు చూస్తాడు. కొర్నేలి అనే రోమా సైనికాధికారి ఇంట్లో అపొస్తలుడు పేతురు చెప్పింది అంతే కదా. 'దేవుడు పక్షపాతి కాడు', ప్రతి జనంలోనూ ఆయనకు భయపడి నీతిగా నడిచేవాణ్ణి అంగీకరిస్తాడు అన్నాడు. వాళ్ల పేర్లు మార్చి రాసుకుంటాడని అనలేదు.

ఇప్పటి నెదర్లాండ్స్ వైపు ఉన్న ఫ్రిసియా రాజు రాడ్‌బోడ్ గురించి ఒక ఐతిహ్యం ఉంది. ఎనిమిదో శతాబ్దం నాటిది. బాప్తిస్మం తీసుకోవడానికి తొట్టిలో కాలు పెట్టాడట. పెట్టి, నా పూర్వీకులు ఎక్కడున్నారని అడిగాడట. నరకంలో అన్నారు. కాలు వెనక్కి తీసుకున్నాడు. వాళ్లెక్కడుంటే నేనూ అక్కడే అన్నాడట. జరిగిందో లేదో కానీ, ఆ కథను శతాబ్దాల పాటు చెప్పుకున్నది క్రైస్తవులే. మన చనిపోయినవాళ్లను వదులుకుంటేనే లోపలికి రానిస్తామనే తలుపు ముందు ఏ మనిషైనా ఆగుతాడని వాళ్లకూ తెలుసు.

జేవియర్‌కు జపాన్‌వాళ్లు మరో మాట కూడా చెప్పారు. ఇది నిజమైతే, మేం జ్ఞానులని గౌరవించే చైనావాళ్లకు ఎందుకు తెలియలేదు అన్నారు. ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. ఎలాగైనా చైనా చేరాలని బయల్దేరాడు. లోపలికి అనుమతి దొరకలేదు. 1552 డిసెంబర్ 3న, చైనా తీరం పక్కనే ఉన్న షాంగ్‌చువాన్ దీవిలో, తీసుకెళ్తానన్న పడవ కోసం ఎదురుచూస్తూ జ్వరంతో చనిపోయాడు. ఎదురుగా ఉన్న ఆ దేశంలో అదే రాత్రి ఎందరో క్రీస్తు పేరు తెలియకుండానే కన్నుమూసి ఉంటారు. జేవియర్‌కూ వాళ్లకూ మధ్య ఉన్నది ఒక సన్నని సముద్రపు పాయ, రాని ఒక పడవ.