హెస్కీకి గోల్ కొట్టడం రాదా?

"ఇంగ్లండ్‌కు ఆడిన ఫార్వర్డ్‌లందరిలో పనికిమాలినవాడు ఎమిల్ హెస్కీ. 62 మ్యాచ్‌లలో 7 గోల్స్. అతనికి గోల్ కొట్టడమే రాదు, కోచ్‌ల దయ వల్ల నెట్టుకొచ్చాడు." ఫుట్‌బాల్ అభిమానులు ఏళ్ల తరబడి పంచుకుంటున్న ఎగతాళి ఇది. సాక్ష్యంగా 2010 ప్రపంచకప్ దృశ్యం ఒకటి జత చేస్తారు: అమెరికా గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉంటే, హెస్కీ బంతిని సరిగ్గా అతని మీదికే కొట్టాడు.

కొట్టిన మాట నిజమే. అయితే అదే మ్యాచ్ నాలుగో నిమిషంలో ఇంగ్లండ్ ఆటగాడు గెరార్డ్ గోల్ చేశాడు. అతనికి బంతి అందించింది హెస్కీయే. ఆ ముక్కను మాత్రం ఎవరూ పంచుకోరు.

గోల్ కొట్టడమే రాదన్న మాట నిలవదు. 1997 లీగ్ కప్ ఫైనల్లో, అదనపు సమయం ముగియబోతుండగా తన క్లబ్ లెస్టర్ సిటీని ఓటమి నుంచి తప్పించిన గోల్ అతనిది. అప్పటికి అతనికి 19 ఏళ్లు. 2000 మార్చిలో లివర్‌పూల్ క్లబ్ అతని కోసం 1.1 కోట్ల పౌండ్లు పెట్టింది. మరుసటి సీజన్‌లో 22 గోల్స్ చేశాడు, జట్టు మూడు కప్పులు గెలిచింది. ప్రీమియర్ లీగ్‌లో మొత్తం 110 గోల్స్. వాటికి 500కు పైగా మ్యాచ్‌లు పట్టాయి, ఆ 22 మళ్లీ ఎన్నడూ రాలేదు. ఇదీ ఒప్పుకోవాల్సిందే.

ఇక అసలు విషయం, ఆ ఏడు గోల్స్. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడిని పట్టుకుని నువ్వెన్ని లడ్డూలు తిన్నావని లెక్క అడిగితే ఎలా ఉంటుంది? హెస్కీ పని డిఫెండర్లను తన మీదికి లాక్కోవడం, ఎత్తుగా వచ్చిన బంతిని తలతో దించి పక్కవాడి కాళ్ల ముందు పెట్టడం. 2001 సెప్టెంబరు 1న మ్యూనిక్‌లో ఇంగ్లండ్ జర్మనీని 5-1తో ఓడించింది. మైకేల్ ఓవెన్ మూడు గోల్స్ అందరికీ గుర్తే. వాటిలో రెండోది హెస్కీ తలతో దించి ఇచ్చిన బంతి. 2007లో హెస్కీని జట్టులోకి మళ్లీ పిలిచాక ఇజ్రాయెల్, రష్యాలపై ఇంగ్లండ్ వరుసగా 3-0తో గెలిచింది. ఆ రెండింట్లో ఓవెన్‌వి మూడు గోల్స్.

కోచ్‌ల దయ అంటారా? ఇంగ్లండ్ కోచ్‌లుగా అతన్ని ఆడించినవారు కీగన్, ఎరిక్సన్, మెక్‌క్లారెన్, కాపెల్లో. ఒకరి పద్ధతి మరొకరికి పడని ఈ నలుగురికీ ఒకే మనిషి మీద జాలి కలగడం విడ్డూరమే.

వేగం లేదు, ఒట్టి శరీర బలమే అనేవారు లెస్టర్ రోజుల ఆట ఒక్కసారి చూస్తే చాలు.

అన్నట్టు, మ్యూనిక్‌లో ఐదో గోల్ ఎవరిదనుకున్నారు? ఆ ఏడింటిలోదే.