ముద్ర లేని సర్జ్ అరెస్టర్ గారికి ఒక క్షేమ సమాచార లేఖ

మహారాజశ్రీ సర్జ్ అరెస్టర్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఈ మాట అలవాటుకొద్దీ రాశాను గాని, తమరు కుశలమో కాదో తేల్చుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. టీవీ కేబుల్ తీగ ఇంట్లోకి వచ్చే చోట, పిడుగుల వల్ల వచ్చే అధిక వోల్టేజీని నేలలోకి మళ్లించడానికి, చిన్న లోహపు డబ్బాలో, తెల్లని పింగాణీ గొట్టంగా కొలువుదీరిన తమరి ఒంటి మీద వోల్టేజీ అంకె గాని, తయారీదారు ముద్ర గాని, కనీసం ఒక రంగు చుక్క గాని లేవు.

మొదట మల్టీమీటర్‌తో పలకరించాను. నిరోధం దాని కొలతకు అందనంత ఎక్కువని చూపింది. ఆరోగ్యంగా ఉన్న గ్యాస్ ట్యూబ్ (వాయువు నింపిన, వోల్టేజీ మితిమీరితేనే ప్రవాహాన్ని వదిలే రకం అరెస్టరు) నిరోధం గిగా ఓమ్‌లలో ఉంటుంది కనుక సంతోషించబోయాను. కాని లోపలి వాయువు కారిపోయి ఎప్పుడో కన్నుమూసిన ట్యూబూ అదే చెబుతుంది, ఆ మాటకొస్తే విరిగిన కప్పు పిడి కూడా అదే చెబుతుంది. ఎలక్ట్రోడ్లు అతుక్కుపోయి షార్టయితే మాత్రం మీటరు పట్టుకుంటుంది. అప్పుడు టీవీలో బొమ్మే రాదు కాబట్టి దానికి మీటరు అవసరం లేదు.

తమరు వారిస్టరేమోనన్న (వోల్టేజీ పెరిగితే తన నిరోధం తగ్గించుకునే మరో రకం అరెస్టరు) అనుమానం ఎక్కువసేపు నిలవలేదు. వారిస్టరుకు వందల పికోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని దాచుకునే గుణం) ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే వేగంగా ఊగే సిగ్నలు అంత సులువుగా దాని గుండా జారిపోతుంది. 300 పికోఫారడ్లే అనుకున్నా 500 మెగాహెర్ట్జ్ దగ్గర అది ఒక ఓమ్‌తో సమానమై, 75 ఓమ్‌ల కేబుల్లోని సిగ్నలును నిలువునా మింగేస్తుంది. తమరిది ఒకటి రెండు పికోఫారడ్లకు మించకపోవడం వల్లనే ఇన్నేళ్లుగా ఉన్నారో లేరో తెలియకుండా ఉండగలిగారు.

ఇక మిగిలింది విచారణ. తమరిని లైను నుంచి విడదీసి, 1 మెగా ఓమ్ రెసిస్టరును వరుసలో పెట్టి, డీసీ వోల్టేజీని మెల్లగా పెంచాను. (ఒక చెయ్యి జేబులోనే ఉంచుకున్నాను, ఎందుకంటే నాకు ఏ అరెస్టరూ బిగించి లేదు.) మొదటిసారి 268 వోల్టుల దాకా బిగదీసుకుని, ఒక్కసారిగా కుప్పకూలారు, తరువాత మూడు సార్లూ 235 దగ్గరే లొంగారు. చాలాకాలం చీకట్లో పడి ఉన్న ట్యూబు మొదటి మెరుపుకు కాస్త బద్ధకిస్తుందని తెలుసు కనుక తప్పు పట్టలేదు. వారిస్టరైతే ఒక వోల్టేజీ దగ్గర పట్టుకుని నిలబడుతుంది, ఇలా కూలిపోదు. తమరు 230 వోల్టుల గ్యాస్ ట్యూబని, ప్రాణంతోనే ఉన్నారని అలా రుజువైంది.

క్షేమవార్తకు ఆనందిస్తూ తమరిని తిరిగి బిగించబోతుంటే కనబడింది: డబ్బాకున్న ఎర్త్ స్క్రూకు ఇన్నేళ్లూ ఏ తీగా లేదు. పిడుగుపాటు ప్రవాహం వస్తే దాన్ని పట్టుకుని తమరు ఎక్కడికి పంపుదామనుకున్నారో దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
ఎర్త్ తీగ కొలతలు తీసుకుంటున్న
తమ విధేయుడు